వ్రాఁతయు దిద్దుబాటును

ఒక్క యక్షరమైన మాఱకుండఁగనే పదముయొక్క యర్థము తలక్రిందు కావచ్చునని మన శిక్షాశాస్త్రకారులు చిరకాలము క్రిందటనే గ్రహించిరి. త్వష్ట తన కుమారుని వధించిన యింద్రునిపైఁ బగపట్టి, యింద్రుని జంపఁగల పుత్త్రుఁడు పుట్టవలెనని హోమము సేయుచు, ‘ఇంద్రశత్రు’ శబ్దమును స్వరము తప్పి పలికెనఁట. అంత్యాక్షర ముదాత్తముగాఁ బలికినచో ‘ఇంద్రుని జంపువాఁడు’ అని యర్థము. ఆద్యక్షర ముదాత్తముగాఁ బలికినచో ‘ఇంద్రునిచేఁ జంపఁబడువాఁడు’ అని యర్థము. త్వష్ట కోరినది మొదటిది. ఆయన నోట వెడలినది రెండవది. వృత్రుఁడు పుట్టెను; ఇంద్రునిచేతిలో మడిసెను. రెండు పక్షములందును అక్షరము లవియే. భేదమంతయు అక్షరముల మీఁదను క్రిందను గీయఁబడు చిన్న గీఁతలో నున్నది.

ఇట్టి గీఁతలు మన దేహమందలి వ్రాఁతకును గలవని యిరువదవ శతాబ్దపు రసాయనశాస్త్రము తెలిపినది. ఆ గీఁతలు కాన్సరు కణములయం దేమి చేయుచున్నవో యిరువదియొకటవ శతాబ్దము తెలుపుచున్నది. ఈ రెండింటి నడుమ నించుమించుగా నఱువదియేండ్లు గడచినవి. అంతకాల మేల పట్టెను? కంటఁబడినదానిని పండితు లేల యలక్ష్యము చేసిరి? అలక్ష్యము చేయఁబడినది తుద కెట్లు విలువఁ గాంచెను? ఈ ప్రశ్నలను విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ఈ విషయము శాస్త్రజ్ఞులకు మాత్రమే చెందినదని చదువరులు తలంపరాదు. మనలోఁ గాన్సరును ‘రాచపుండు’ అని పిలుచువా రింకను గలరు. ఇంట నొకరికి అది వచ్చినచో, పూర్వజన్మకృత మనియుఁ దలవ్రాఁత యనియుఁ జెప్పి, పొరుగువారికిఁ దెలియనీయక, పిల్లల వివాహసంబంధములు చెడునని భయపడి, రోగిని గడపటి దశలో వైద్యునికడకుఁ గొనిపోవు కుటుంబములు నేఁటికిని గలవు. వ్రాఁత యనిన మార్పరానిదని మనవారి తలంపు. జన్యువులను గుఱించి జీవశాస్త్రముకూడ నిట్టి మాటయే చెప్పుచున్నట్లు కొంతకాలము జనులకుఁ దోఁచెను. ఆ మాట యెంతవఱకు నిజమో, ఎచ్చట నిజము కాదో యీ చరిత్రవలనఁ దెలియఁగలదు.

మొదట విషయస్వరూపమును గొంత తెలిసికొందము. జీవకణమునందు డి.ఎన్.ఏ. యను పదార్థము మూలగ్రంథము వంటిది. ఆ గ్రంథమందలి యొక్కొక్క ప్రకరణము జన్యువు. మూలగ్రంథము కణమధ్యమందలి కేంద్రకమను పెట్టెను విడిచి రాదు. ఎప్పు డే ప్రకరణ మవసరమో దానికి మాత్రము ఆర్.ఎన్.ఏ. యను వేఱొక పదార్థముతోఁ బ్రతి తీయఁబడును. ఇట్లు ప్రతి తీయుటకే అనులేఖనమని పేరు. ప్రతిలోని యాజ్ఞ ననుసరించి ప్రోటీనులు తయారగును. వానిచేతనే కణము తన పనులు జరుపుకొనును. కాలేయకణమునందును నాడీకణమునందును మూలగ్రంథ మొక్కటియే. ఏ ప్రకరణములకుఁ బ్రతులు తీయఁబడుచున్నవో యందే వాని భేదము. ఇఁక గాన్సరనఁగా, పెరుగుట నాపు ప్రకరణములు మూగవోయి, పెరుగుమని చెప్పు ప్రకరణములకు విరామములేక ప్రతులు తీయఁబడు దుఃస్థితి యని స్థూలముగాఁ జెప్పవచ్చును. మూలగ్రంథమునఁ బడిన యక్షరదోషములు దీనికిఁ బ్రధానకారణములు. కాని యవి మాత్రమే కారణములు కావు.

ఆర్.ఎన్.ఏ. లిపికి అక్షరములు నాలుగు: అడినోసిన్, గ్వానోసిన్, సిటిడిన్, యురిడిన్. 1951లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలయందు వాల్డో కోన్, ఎలియట్ వోల్కిన్ అను నిరువురు ఆర్.ఎన్.ఏ.ను విడఁగొట్టి పరిశీలించుచు, ఈ నాలుగింటిలోఁ జేరని యైదవ పదార్థపు జాడఁ గనిరి. అది యురిడిన్‌కు రూపాంతరమని తరువాతఁ దేలెను. సూడోయురిడిన్, అనఁగా మిథ్యాయురిడిన్ అని దానికిఁ బేరు పెట్టిరి. 1965లో రాబర్ట్ హోలీ ఈస్టునందలి యొక చిన్న ఆర్.ఎన్.ఏ.యొక్క 77 అక్షరముల వరుసను మొదలంట చదివి ప్రకటించినపుడు, వానిలోఁ బెక్కు లిట్టి రూపాంతరములే యని కనఁబడెను. 1968లో హరగోవింద ఖొరానా, మార్షల్ నీరెన్‌బర్గులతోఁ గూడ నోబెల్ బహుమానము నందుకొన్న హోలీ యీయనయే. నేఁటికి ఆర్.ఎన్.ఏ.యందు 170కిఁ బైగా నిట్టి రూపాంతరములు లెక్కకు వచ్చినవి.

జన్యువునుండి యాజ్ఞను గొనిపోవు వార్తాహర ఆర్.ఎన్.ఏ. యొకటి కలదని 1961లో స్థిరపడెను. దానిపైఁగూడ గుఱుతులు గలవా యను ప్రశ్నకు 1974లో సమాధానము దొరకెను. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమున ఫ్రిట్జ్ రాట్‌మనును ఆయన సహచరులును, ఎలుకలకు వచ్చు నోవికాఫ్ కాలేయార్బుదము యొక్క కణములనుండి వార్తాహర ఆర్.ఎన్.ఏ.ను దీసి శోధించిరి. అడినోసినుయొక్క ఆఱవస్థానమందలి నత్రజనికి ఒక చిన్న మిథైల్ గుంపు తగుల్కొనియుండుట వారు కనుఁగొనిరి. మిథైల్ గుంపనఁగా నొక కర్బనపరమాణువు, మూఁడు ఉదజని పరమాణువులు. అంతకుమించి యేమియు లేదు. ఆ సంవత్సరమే పెరీ, కెలీ యనువారు చిట్టెలుక కణములయందును దీనినిఁ గనిరి. దీనిని మనము సౌలభ్యముకొఱకు ‘అడినోసిన్ గుఱుతు’ అందము. సగటున నొక్కొక్క వార్తాహరముపై నిట్టివి మూఁడు మాత్ర ముండును. ఈ గుఱుతు మొదటిసారి కంటఁబడినది కాన్సరు కణములలోనే యన్న సంగతిని చదువరులు గమనింపవలెను. ఆనాఁడు ఆ కణములను ఎన్నుకొనుటకుఁ గారణము రోగచింత కాదు. అవి విస్తారముగాఁ బెరుగును గావున పరిశోధనకుఁ జాలినంత పదార్థము దొరకుననియే.

అటుపిమ్మట చాలకాలము దీనిని బట్టించుకొన్నవారు తక్కువ. అందులకు రెండు కారణములు గలవు. ఒకటి సాధనలోపము. గుఱుతు కలదని తెలిసెనేకాని, వేలకొలఁది వార్తాహరములలో దేనిపై, ఏ యక్షరముమీఁద నున్నదో తెలిసికొను నుపాయము లేకుండెను. రెండవది భావలోపము. ఒకసారి పడిన గుఱుతు ఆర్.ఎన్.ఏ. నశించువఱకు నుండుననియు, దానిని దుడుచు శక్తి కణమున లేదనియుఁ బలువురు తలంచిరి. మాఱనిదానికి ఆజ్ఞాశక్తి యేమి? అది కేవల మలంకారమని యూరకుండిరి.

ఊరకుండనివారును గొందఱు గలరు. జేమ్స్ బోకారు, రాట్‌మను మొదలగువారు ఆ గుఱుతు పెట్టు వ్రాయసకాఁ డెవఁడో వెదకుచునే యుండి, 1997లో దాని ముఖ్యాంశమును బట్టి చూపిరి. నేఁ డది మెటిల్-3 యని పిలువఁబడుచున్నది. దీనిని వారు వేఱుచేసినది హీలా యను కణసంతతినుండి. ఆ కణములు, 1951లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున గర్భాశయకంఠపు కాన్సరుతో 31వ యేట మరణించిన హెన్రియెటా లాక్స్ అను నల్లజాతి స్త్రీ దేహమునుండి, ఆమె యనుమతి నడుగకయే తీయఁబడినవి. ఆమె మరణించెను, ఆమె కణములు ప్రపంచమందలి ప్రయోగశాలలలో నేఁటికిని బెరుగుచున్నవి. ఈ శాస్త్రము పేదరాలైన యొక తల్లికి ఋణపడియున్నది. ఆ ఋణమును జెప్పక యీ చరిత్రను వ్రాయుట న్యాయము కాదు.

కథ మలుపు తిరిగినది 2011లో. అంతకు నాలుగేండ్లముందు, 2007లో, స్థూలకాయమునకు సంబంధించిన జన్యువుగా ఎఫ్.టి.ఓ. యనునది ప్రసిద్ధికి వచ్చియుండెను. షికాగో విశ్వవిద్యాలయమందలి చువాన్ హే, ఆర్.ఎన్.ఏ. గుఱుతులుకూడఁ బెట్టఁబడుచుఁ దుడువఁబడుచు నుండవచ్చునా యని 2010లో బహిరంగముగాఁ బ్రశ్నించెను. మఱుసటియేఁడు గుయ్‌ఫాంగ్ జియా మొదలైన తన సహచరులతోఁగూడి, ఎఫ్.టి.ఓ. యడినోసిన్ గుఱుతును దుడిచివేయునదే యని నిరూపించెను. అంతటితో అలంకారమనుకొన్నది ఆజ్ఞ యయ్యెను. ఏలయనఁగా, పెట్టుటకొకటియుఁ దుడుచుట కొకటియు నేర్పడియున్నచోఁ, ఎప్పుడు పెట్టవలయును, ఎప్పుడు తుడువవలయును అను నిర్ణయముకూడ నుండవలయును. నిర్ణయ మున్నచోట ప్రయోజనముండును.

2012లో సాధనలోపముకూడఁ దీఱెను. ఇశ్రాయేలునందు గిడియాన్ రెఖావి బృందమును, న్యూయార్కునందు సామీ జాఫ్రీ బృందమును, గుఱుతును మాత్రమే పట్టుకొను ప్రతిరక్షకముల సాయమున, 7,000కుఁ బైగా జన్యువుల వార్తాహరములపై నీ గుఱుతులెచ్చట నున్నవో పటములు గీసిరి. తరువాతి సంవత్సరములలో ఆ గుఱుతులను జదువు ప్రోటీనులును బయలుపడినవి. కొన్ని వార్తాహరమును త్వరగా నశింపఁజేయును. కొన్ని దాని పనిని హెచ్చించును. గుఱుతు పెట్టుదానిని లేఖక మనియు, చదువుదానిని పాఠక మనియు, తుడుచుదానిని మార్జక మనియు మనము పిలుచుకొనవచ్చును.

ఈ మూఁడింటి తారతమ్యము చెడినపుడు కాన్సరు కెట్లు తోడ్పడునో 2017 మొదలు వెల్లడి యగుచు వచ్చినది. ఆ యేఁడు కేంబ్రిడ్జినందు టోనీ కౌజారిడీస్ బృందమును, న్యూయార్కునందు మైకేల్ ఖరాస్ బృందమును, ఎముకమజ్జనుండి పుట్టు మైలాయిడ్ ల్యుకీమియా యను రక్తకాన్సరులో మెటిల్-3 యను లేఖకము మితిమీఱి యుండుననియు, దానిని దీసివేసినచో నా కణములు పెరుగఁజాలవనియుఁ జూపిరి. చదువరులు దీనివలన ‘గుఱుతు చెడ్డది, తుడుచునది మంచిది’ యని తీర్మానించుకొందురేమో! ఆ సంవత్సరమే జియాన్‌జున్ చెన్ బృందము, కొన్ని ల్యుకీమియాలలో తుడుచునదైన ఎఫ్.టి.ఓ.యే రోగమును బెంచుచున్నదని ప్రకటించెను. మెదడున పుట్టు గ్లయోబ్లాస్టోమా యను నర్బుదమునుగూర్చియు నిట్టి వైరుధ్యమే వచ్చెను. మెటిల్-3ను దగ్గించినచో నర్బుదపు మూలకణములు విజృంభించునని 2017లో నొక బృందము చెప్పెను. మెటిల్-3 లేనిదే యవి నిలువఁజాలవని 2018లో బెంగుళూరునందలి భారతీయ విజ్ఞానసంస్థకుఁ జెందిన కుమారవేల్ సోమసుందరం బృందము చెప్పెను.

ఇది శాస్త్రమునకు అపకీర్తి కాదు. స్వరమునకు స్వతఃసిద్ధమైన శుభాశుభములు లేవు. అది యే పదముపైఁ బడినదో, దాని నెవరు చదువుచున్నారో, దానినిబట్టి యర్థ మేర్పడును. అడినోసిన్ గుఱుతును నట్టిదే. ఒక వార్తాహరముపై నది మరణశాసనము, వేఱొకదానిపై నధికారముద్ర. సందర్భమును విచారింపక గుణదోషములను నిర్ణయించుట తగదని యిది బోధించుచున్నది.

ఇంతవఱకుఁ జెప్పినదంతయు ప్రతి తీయఁబడినపిమ్మటి కథ. మూలగ్రంథము యజమానియనియు, ప్రతి సేవకుఁడనియు, గుఱుతు లాసేవకుని యొడలిమీఁది యాభరణములనియు భావించువారికి, ఆ సేవకుఁడే యజమానిని శాసించుచున్నాఁడని వినుట వింతగా నుండును. కాని జరిగిన దదియే. దీనిని గ్రహించుటకు మూలగ్రంథమును భద్రపఱచు విధ మెఱుఁగవలెను. నూలును కండెకుఁ జుట్టినట్లు డి.ఎన్.ఏ. హిస్టోనులను ప్రోటీనులకుఁ జుట్టఁబడియుండును. చుట్టు బిగువుగా నున్నచోట ప్రతి తీయువాని చేయి చొరదు. వదులుగా నున్నచోటఁ జొచ్చును. హిస్టోనులపైఁ గూడ రసాయనికమైన గుఱుతులుండి యీ బిగువును నిర్ణయించుచుండును.

2019లో, హిస్టోనులపైఁ గల యొక గుఱుతు, ప్రతి తీయఁబడుచుండఁగనే ఆర్.ఎన్.ఏ.పై నెచ్చట అడినోసిన్ గుఱుతు పడవలెనో లేఖకమునకుఁ జూపుచున్నదని తేలెను. మూలమునుండి ప్రతికి వచ్చిన శాసన మిది. మఱి ప్రతినుండి మూలమునకుఁ బోవు శాసనము గలదా? 2020లో చువాన్ హే బృందము కలదని చెప్పెను. కొన్ని ఆర్.ఎన్.ఏ.లు వార్తలు మోయుటకై బయటికిఁ బోక, క్రోమోసోములను బట్టుకొని యచ్చటనే యుండును. అవి యున్నంతకాల మా ప్రదేశము విప్పారియుండి, ప్రతులు విరివిగాఁ దీయఁబడును. వానిపై అడినోసిన్ గుఱుతు పడఁగా, ఒక పాఠకము వానినిఁ బట్టి, ఛేదించు యంత్రమున కప్పగించును. ఆ ప్రదేశము ముకుళించును. చిట్టెలుక పిండమూలకణములనుండి మెటిల్-3ను దీసివేసినపుడు, గుఱుతులేని యా ఆర్.ఎన్.ఏ.లు పేరుకొని, మూలగ్రంథము విప్పారి, అనులేఖనము హెచ్చెను.

2022లో చైనా పరిశోధకులు అన్నవాహిక కాన్సరునందు వేఱొక మార్గముఁ జూపిరి. అచ్చట అడినోసిన్ గుఱుతును ఎఫ్.ఎక్స్.ఆర్.-1 యను పాఠకము చదివి, టెట్-1 యను ప్రోటీనును బిలుచుకొని వచ్చును. అది సమీపమందలి డి.ఎన్.ఏ.పై గల మిథైల్ గుఱుతులను దొలఁగించి, మూయఁబడిన ప్రకరణములను దెఱచును. ఒకచోట మూయించిన గుఱుతే వేఱొకచోటఁ దెఱపించుచున్నది.

ఈ చరిత్రలో 2024 నాఁటి ఘట్టము మిక్కిలి రమ్యమైనది. టెట్-1కు సోదరమైన టెట్-2 యను జన్యువు చెడుటవలన రక్తకాన్సరులు వచ్చుచున్నవని 2009 నుండియు వైద్యులెఱుఁగుదురు. ఆ యేఁడే, భారతీయసంతతికిఁ జెందిన అంజనా రావు బృందము, టెట్ ప్రోటీనులు డి.ఎన్.ఏ.లోని మిథైల్ గుఱుతును మార్చునవి యని కనుఁగొనెను. ఇచ్చట నొక చిక్కు గలదు. డి.ఎన్.ఏ.పై మిథైల్ గుఱుతు సాధారణముగా జన్యువును మూయును. తుడుచునదైన టెట్-2 చెడినచో గుఱుతులు హెచ్చి జన్యువులు మూఁతపడవలెను. కాని రోగకణములను జూచినచో మూలగ్రంథము మిక్కిలి విప్పారి కనఁబడుచుండెను. కారణ మొకటి చెప్పఁగా కార్యము దానికి విరుద్ధముగా నుండెను.

పదునైదేండ్లు నిలిచిన యీ చిక్కును చువాన్ హే బృందమును, మింగ్‌జియాంగ్ షూ బృందమును గలసి విప్పిరి. టెట్-2 యొక్క ముఖ్యవ్యాపారము ఇచ్చట డి.ఎన్.ఏ.పై గాదు, క్రోమోసోములను బట్టుకొనియుండు ఆర్.ఎన్.ఏ.పై నని వారు చూపిరి. ఆ ఆర్.ఎన్.ఏ.లో సిటిడినుపై మిథైల్ గుఱుతు పడును. దానిని ఎం.బి.డి.-6 యను పాఠకము చదివి, హిస్టోనులపైఁ గల ముద్ర యొకటి యూడఁబెఱికించును, కండె వదులగును, అనులేఖనము హెచ్చును. టెట్-2 యా సిటిడిన్ గుఱుతును మార్చి, ఈ వదులు మితిమీఱకుండఁ జూచుచుండును. టెట్-2 చెడినపుడు గుఱుతులు పేరుకొని, మూలగ్రంథము విప్పారి, రక్తమూలకణములు కట్టుదప్పి పెరుగును. ఎం.బి.డి.-6ను దొలఁగించినచో టెట్-2 చెడిన ల్యుకీమియాకణముల పెరుగుదల నిలిచిపోవుచున్నది. ఇచ్చట గ్రహింపవలసిన దేమనఁగా, టెట్-2 జన్యువులోని దోషము మూలగ్రంథమందలి వ్రాఁత. అది యట్లే యున్నది. అయినను దాని ఫలమును మధ్యనే యాపుటకు దారి కనఁబడినది.

ఈ మిథైల్ గుఱుతులు పెట్టుటకుఁ గావలసిన సిరా యెచ్చటిదని యడిగినచో, కథ మన భీమవరమువఱకు వచ్చును. లేఖకములు మిథైల్ గుంపును ఎస్-అడినోసిల్ మిథియోనిన్ అను పదార్థమునుండి తీసికొనును. అది మిథియోనిన్, ఏ.టి.పి. యను రెండింటి చేరికవలనఁ బుట్టును. వాడుకయైన మిథియోనినును మరలఁ బునరుద్ధరించుటకు ఫోలిక్ ఆమ్లము తోడ్పడును. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు, ఏ.టి.పి.ని గనుఁగొన్నవారిలో నొకఁడు. ఫోలిక్ ఆమ్లమును సంయోగవిధానమునఁ దయారుచేసిన లెడర్లీ ప్రయోగశాలయందలి పరిశోధనకు నాయకుఁడు. ఆ ఫోలిక్ ఆమ్లమునకుఁ బ్రతికూలమైన అమినోప్టెరినును ఆయన బృందమే యీయఁగా, బోస్టనులో సిడ్నీ ఫార్బరు దానిని ల్యుకీమియా పీడితులగు శిశువులకిచ్చి, తాత్కాలికమే యైనను ఉపశమనము కలిగెనని 1948లోఁ బ్రకటించెను. ఆ సంవత్సరమే సుబ్బారావు పరమపదించెను. ఆ మందు ప్రధానముగా డి.ఎన్.ఏ. యక్షరముల తయారీని నిరోధించునదే కాని, ఈ గుఱుతుల నుద్దేశించినది కాదు. అయినను సిరాబుడ్డిని మొదట విప్పి చూచినవారిలో నొక తెలుగువాఁ డున్నాఁడన్న మాట సత్యము.

ఇఁక ఔషధముల మాట. 2021లో కౌజారిడీస్ మొదలగువారు మెటిల్-3ను నిరోధించు నొక చిన్న పదార్థమును బ్రకటించిరి. ల్యుకీమియా గల చిట్టెలుకలు దానివలన నెక్కువకాలము జీవించెను. ఆ జాతికిఁ జెందిన మఱియొక మందును 2022లో మనుష్యులయందుఁ బరీక్షించుట ప్రారంభమయ్యెను. పరీక్ష యనఁగా సిద్ధౌషధము కాదు. చిట్టెలుకయందు ఫలించినవన్నియు మనుష్యునియందు ఫలింపవు. గుఱుతుయొక్క ఫలము కణమునుబట్టి మాఱునని పైనఁ జూచితిమి గదా. కావున, వార్తాపత్రికలో నిట్టి వార్త చూచి, జరుగుచున్న చికిత్సను మానువాఁడు తన్నుఁ దానే వంచించుకొనును. ఆశపేరిట నద్భుతౌషధములమ్మువాఁడు, తలవ్రాఁత పేరిటఁ జికిత్స మాన్పించువానికంటె నెక్కువ యుపకారి కాఁడు.

తలవ్రాఁత యను మాట కిప్పుడు సమాధానము చెప్పవచ్చును. వ్రాఁత లేదని శాస్త్రము చెప్పుట లేదు. జన్యువులయం దక్షరదోషములు గలవు. కొన్ని పుట్టుకతో వచ్చును. పెక్కు జీవితకాలమునఁ బడును. ఉత్తరాంధ్ర సముద్రతీరమున, చుట్టను వెలుఁగుచున్న కొనను నోటిలో నుంచుకొని యడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిట కాన్సరు వచ్చుట బ్రహ్మ వ్రాసినది కాదు. నిప్పును బొగాకును వ్రాసినది. వ్రాఁత యున్నను, ఏ ప్రకరణమునకుఁ బ్రతి తీయవలెను, ఆ ప్రతి యెంతకాల ముండవలెను, అది మూలము నేమి చేయవలెను అనునవి, పెట్టుటకును దుడుచుటకును వీలైన గుఱుతుల యధీనములో నున్నవి. దేహమే తన వ్రాఁతను క్షణక్షణము దిద్దుకొనుచుండఁగా, దిద్దరానిదని మనము చేతులు ముడుచుకొని కూర్చుండుట యే శాస్త్రమునకు సమ్మతము?

1951 నాఁటి యైదవ పదార్థపు జాడ ఎందుకుఁ బనికివచ్చునో యానాఁ డెవరు నెఱుఁగరు. దానిని వెదకినవారికి నోపిక యుండెను. వారికి సంఘము తిండియు, పరికరములును, స్వేచ్ఛయు నిచ్చెను. మనము చేయవలసిన పని యింత కష్టమైనది కాదు. రోగమును దోషముగాఁ జూడకుండుట, రోగిని దాఁచకుండుట, నోటఁ బుండు మానకున్నను, రొమ్మున గడ్డ తగిలినను, అకారణముగా రక్తము స్రవించినను, ఆలస్యము చేయక వైద్యునికిఁ జూపించుట, ఇంతమాత్రమే. ప్రయోగశాలలో నెంత నిపుణమైన మార్జకము పుట్టినను, ఇంటిలోపల లజ్జచే దాఁపఁబడిన రోగమును అది తుడువఁజాలదు. ఆ లజ్జను దుడుచు భారము మనదే.